బండి కింద పడుకుని చూడండి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్లకి వినపడుతోందా? సరే. నన్ను మాట్లాడమన్నది సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ పవర్ పోయే బండి, ఎలా చూసి కొనాలి అని. అంటే వారం అంతా వైజాగ్ లో గాజువాక, జగదాంబ ట్రాఫిక్ లో ఆఫీసుకి తిరగాలి, నెలకో రెండు నెలలకో ఒకసారి పాడేరు పైకో అరకు లోపలికో పోవాలి, రెండిటికీ ఒకటే బండి కావాలి, కొత్తది కొనడానికి డబ్బులు చాలవు. ఇక్కడున్న సగం మంది సంగతి ఇదే అనుకుంటా. ఆరేళ్ల కిందట నాదీ ఇదే.

ముందే చెప్పేస్తాను, నేను మెకానిక్ ని కాదు. దెబ్బ తిని నేర్చుకున్నవాణ్ణి, అంతే. ఆ దెబ్బ ఏంటో చెప్తా.

పాత మహీంద్రా థార్, సీఆర్డీఈ అనే డీజిల్ ఇంజన్, ఫోర్ బై ఫోర్. పెద్ద పెద్ద టైర్లు, ముందు ఇనప బంపరు, పైన లైట్ల వరస, చూడగానే మనసు పారేసుకున్నాను. అమ్మినాయన లివర్ లాగి చూపించాడు, డాష్ బోర్డు మీద ఫోర్ వీల్ లైట్ వెలిగింది, చాలదా? డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. మూడో వారం పాడేరు అవతల వంజంగి వైపు ఒక మట్టి దారిలోకి దించాను, వాన పడి ఎర్రమట్టి సబ్బులా ఉంది, మొదటి ఎత్తు దగ్గరే వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం కదలదు. నాలుగు చక్రాలూ తిప్పే ఫోర్ హై వేశా, ఇంకా నిదానంగా, బలంగా తిప్పే ఫోర్ లో వేశా, లైటు చక్కగా వెలుగుతోంది, క్లచ్ కాలిన వాసన వస్తోంది. ఈలోగా వెనక నుంచి ఒక కమాండర్ జీపు, లోపలా పైనా కలిపి పద్నాలుగు మంది ఉంటారు, నా వల్ల ఆగిపోయింది. డ్రైవర్ దిగాడు, ఏమీ మాట్లాడకుండా వంగి నా బండి కిందకి చూశాడు, చూసి "ముందు రాడ్డేదీ బాబూ? నీ బండికి ముందు రాడ్డే లేదు. లైటెలిగితే సక్రాలు తిరుగుతాయేటి?" అన్నాడు.

విషయం ఏంటంటే ముందు ఓనరు ఎవరో ముందు చక్రాలకి పవర్ తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించేశాడు. సౌండ్ వస్తోందనో, షాఫ్ట్ చివర కీలులా ఉండే యూ జాయింట్ మార్పించడం దండగనో తెలీదు. లైటు వెలిగేది పవర్ ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్ ఫర్ కేస్ దగ్గర ఉన్న స్విచ్ వల్ల, చక్రాల దాకా పవర్ పోతోందా లేదా అన్నది ఆ లైటుకి ఏం తెలుసు. కింద పడుకుని ఒక్క నిమిషం చూసి ఉంటే తెలిసేది, ప్యాంటు మాసిపోతుందని నేను చూడలేదు. ఆయన తాడు కట్టి లాగి, నన్ను పక్కన పెట్టి, అదే ఎత్తు తన టూ వీల్ డ్రైవ్ కమాండర్ తో ఎక్కేశాడు. వెనక చక్రాల మీద పద్నాలుగు మంది బరువు ఉంది కదా, గ్రిప్పు వాళ్లే ఇచ్చారు.

అందుకే ఫస్ట్ అడగాల్సింది, మీకు అసలు ఫోర్ బై ఫోర్ కావాలా అని. లంబసింగి తారు రోడ్డే. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి అరకు పోవడం తారు రోడ్డే, మా మావయ్య ఆల్టోలో ఏటా పోయొస్తాడు. మీ ట్రిప్పులన్నీ ఇలాంటివే అయితే మంచి కండిషన్ లో ఉన్న బొలెరో తీసుకుని మిగిలిన డబ్బులు బ్యాంకులో వేసుకోండి, నిజంగా చెప్తున్నా. తారు అయిపోయాక ఇంకా లోపలికి పోవాలి, వానాకాలం కూడా పోవాలి, అనే పిచ్చి ఉన్నవాళ్లకే మిగతాది.

ఇప్పుడు మోడల్స్. థార్ అనగానే అన్నీ ఒకటే అనుకోకండి. 2010 లో వచ్చిన పాత థార్ ఒకటి, 2020 అక్టోబర్ 2 న వచ్చిన కొత్త థార్ ఒకటి. పాతదాన్లో కూడా సీఆర్డీఈ వేరు, డీఐ అనే ఇంకో డీజిల్ ఇంజన్ ది వేరు, డీఐ కి ముందూ వెనకా కమాన్ పట్టీలే, అందులో టూ వీల్ డ్రైవ్ కూడా అమ్మారు. పాతదానికి వెనక ఎదురెదురు సీట్లు, మా అమ్మ చీరలో ఒకసారి వెనక నుంచి ఎక్కి ఇంకెప్పుడూ ఈ లారీ ఎక్కను అంది, అదీ చూసుకోవాలి మరి. కొత్తదాన్లో సుఖం ఎక్కువే, గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు, నీళ్లలో 650 మిల్లీమీటర్ల లోతు దాకా పోవచ్చని కంపెనీ వాళ్లే చెప్తారు. కానీ 2023 జనవరి నుంచి అదే షేపులో టూ వీల్ డ్రైవ్ థార్ అమ్ముతున్నారు, 1.5 డీజిల్ లోనూ, 2.0 పెట్రోల్ ఆటోమేటిక్ లోనూ. బయట నుంచి చూస్తే అచ్చం ఒకటే, ఫోర్ బై ఫోర్ అన్న స్టిక్కర్ బజార్లో ఎక్కడైనా దొరుకుతుంది. గేర్ రాడ్ పక్కన రెండో లివర్ ఉందా లేదా చూడండి, లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మారుతి జిమ్నీ గురించి జనం తెగ వెటకారం చేస్తారు గానీ మన పనికి నాకు తెలిసి అదే సరిపోయే బండి. 2023 జూన్ లో వచ్చింది, అయిదు డోర్లు, పొడవు 3985 మిల్లీమీటర్లు అంటే డాబాగార్డెన్స్ సందుల్లో కూడా పడుతుంది, బరువు 1200 కేజీలు అటూ ఇటూ, లో రేంజ్, అంటే ఇందాకటి ఫోర్ లో, ఉంది. బురదలో బరువు తక్కువుండటం ఎంత ఉపకారమో ఇరుక్కున్నప్పుడు తెలుస్తుంది, నలుగురు కలిసి తోస్తే కదులుతుంది, థార్ అయితే ఆ నలుగురూ టీ తాగడానికి పోతారు. పవర్ మాత్రం తక్కువ, నలుగురు ఎక్కి ఏసీ వేసుకుని ఘాటు ఎక్కుతుంటే ఇంజన్ ఏడుస్తుంది, సెకండ్ గేర్ లో ఓపిగ్గా పోవాలి.

జిప్సీ ప్రేమికులు ఉన్నారని తెలుసు, చేతులెత్తకండి. 1985 లో వచ్చిన బండి, ఇప్పటికీ కొండ మీద దాన్ని కొట్టేది తక్కువ. కానీ రోజూ ఆఫీసుకి అదేనంటే, కమాన్ పట్టీల మీద మన రోడ్ల గతుకుల్లో, మే నెలలో, చాలా వాటిల్లో ఏసీ కూడా ఉండదు, మీ ఇష్టం. రెండో బండిగా అయితే ఓకే. డస్టర్ ఏడబ్ల్యూడీ అని, నాలుగు చక్రాలకీ పవర్ ఉన్న రెనో డస్టర్, ఇంకొకటి ఉంది, 2014 లో వచ్చింది, టౌన్ లో కారులా, మట్టిలో మేకలా పోతుంది, లో రేంజ్ లేకపోయినా ఫస్ట్ గేర్ బాగా చిన్నది పెట్టారు. ఆ మోడల్ ఆగిపోయి కొన్నేళ్లైంది కాబట్టి ఏడబ్ల్యూడీ స్పేర్లు మీ మెకానిక్ ఎక్కణ్ణుంచి తెప్పిస్తాడో ముందే అడిగి కొనండి.

డీజిలా పెట్రోలా అని ఎప్పుడూ అడుగుతారు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ సిక్స్ పొగ రూల్స్ కదా, ఆ డీజిల్ థార్ కి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అని మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి కాసేపు ఆగకుండా హైవే మీద పోవాలి. మీరు రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసు, నాలుగు కిలోమీటర్లు ఇల్లు, మధ్యలో ఏడు సిగ్నళ్లు అంటే అది కాలదు, నిండిపోతుంది, వార్నింగ్ లైటు వస్తుంది, బిల్లు చూస్తే మీకు వేడెక్కుతుంది. వారానికోసారైనా ఆనందపురం దాటించి తిప్పే అలవాటు లేనివాళ్లు పెట్రోలే తీసుకోండి.

సరే, ఇప్పుడు అసలు పని. బండి చూడ్డానికి పోయేటప్పుడు ఒక గోనెసంచి, టార్చ్, స్క్రూడ్రైవర్ పట్టుకెళ్లండి. కడిగించి పాలిష్ కొట్టించి పెట్టింది చూడొద్దు, ఫోన్ చేసినరోజే పోవాలి. సంచి పరిచి కింద దూరండి. ముందు వైపు షాఫ్ట్ ఉందా, నా బతుకు మీకొద్దు. ఛాసిస్ మీద తుప్పు. మన వైజాగ్ బళ్లకి ఉప్పుగాలి శాపం, బీచ్ దగ్గర రాత్రుళ్లు బయట పెట్టిన బండి పైన తళతళలాడుతుంది, కింద పొరలు పొరలుగా ఊడుతుంటుంది, స్క్రూడ్రైవర్ తో పొడిస్తే గట్టిగా ఠంగుమనాలి, మెత్తగా దిగకూడదు. అమ్మే ముందు వారం కొత్తగా నల్ల కోటింగ్ కొట్టించారా, అయితే దాని కింద ఏముందో అని అనుమానించాల్సిందే. షాఫ్ట్ పట్టుకుని చేత్తో అటూ ఇటూ తిప్పితే టక్ టక్ మంటే యూ జాయింట్లు పోయాయి. మెకానిక్ ని తీసుకెళ్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు గేర్లుండే హౌసింగ్ ల ప్లగ్గులు విప్పించి ఆయిల్ చూపించమనండి, పాలు పోసిన టీ రంగులో ఉంటే వాగుల్లో దింపి నీళ్లు పోనిచ్చి అలాగే వదిలేశారని అర్థం.

తర్వాత నడపడం. మట్టి గ్రౌండ్ ఏదైనా చూసుకుని ఫోర్ హై వేసి, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, నిదానంగా ఒక రౌండ్ కొట్టండి. ముందు చక్రాలకి నిజంగా పవర్ వస్తుంటే బండి బిగుసుకుంటుంది, ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంటుంది. హాయిగా తిరిగేసిందంటే ఎక్కడో తేడా ఉంది. అలా బిగుసుకోవడం వల్లే థార్, జిమ్నీ, జిప్సీల్ని పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ లో నడపకూడదు, ముందూ వెనకా చక్రాలు మలుపులో వేరే వేరే దూరం తిరగాలి, మధ్యలో సర్దే డిఫరెన్షియల్ వీటికి లేదు, భారం అంతా గేర్ల మీద పడుతుంది. వాన రోజు సేఫ్టీ అని హైవే మీద కూడా వేసుకుని తిరిగే మహానుభావులు ఉన్నారు, వాళ్ల బండి మీకు దొరక్కూడదని కోరుకుంటా.

టైరు మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019 లో 23వ వారం తయారైంది అని. స్టెప్నీతో సహా అయిదూ చూడండి, అయిదూ ఒకే సైజు ఉండాలి. పెద్ద టైర్లు వేసిన బండికి స్పీడో తక్కువ చూపిస్తుంది, కిలోమీటర్లూ తక్కువే చూపిస్తుంది, క్లచ్ త్వరగా పోతుంది. అసలు బాగా మార్పులు చేసిన బండి అంటేనే నాకిప్పుడు భయం, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న బోరు బండి ఇవ్వండి చాలు. ఇనప బుల్ బార్లు 2017 డిసెంబర్ నుంచి నిషేధం, కంపెనీ స్పెసిఫికేషన్ కి విరుద్ధంగా మార్చిన బండి రిజిస్టర్ కాదని 2019 లో సుప్రీంకోర్టే చెప్పింది, ముందు ఓనరు సరదాకి ఫైన్ కట్టేది మీరు.

వరద బళ్లు ఇంకో తలనొప్పి. 2024 సెప్టెంబర్ లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బళ్లు మునిగాయో మీకు తెలుసు, అవన్నీ తుక్కుకి పోలేదు కదా, ఎక్కడో తిరుగుతూనే ఉంటాయి. సీటు బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటే దొరికిపోయినట్టే. సీటు పట్టాల బోల్టులు, కార్పెట్ కింద వాసన కూడా చూడండి. ఇన్సూరెన్స్ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి, అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం ఉంటుంది, పాత బండికి సున్నా ఉంటే ఎందుకని అడగండి.

కాగితాలు త్వరగా చెప్పేస్తా, టైమ్ అయిపోతోందంటున్నారు. బండి పేరు మార్పుకి ఫామ్ 29, 30 సంతకాలు, లోన్ ఉంటే అది తీరిందని ఫామ్ 35, వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్టీవో అభ్యంతరం లేదనే ఎన్ఓసీ, మళ్లీ ఇక్కడ లైఫ్ ట్యాక్స్. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీలో తిరగొద్దని 2015 లో ఎన్జీటీ, అంటే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్, ఆర్డర్ ఇచ్చిన దగ్గర్నుంచీ ఢిల్లీ బళ్లు చవగ్గా మన వైపు వస్తున్నాయి, ట్యాక్స్ కలిపి లెక్కేస్తే ఆ చవక మిగలదు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గి కొత్త బళ్ల రేట్లు దిగాయి, అమ్మేవాళ్లు ఇంకా పాత రేటు చూసి బేరం చెప్తారు, ఈరోజు షోరూమ్ రేటు ఫోన్లో తీసి ముందు పెట్టండి.

ప్రశ్నలు ఉంటే ఇక్కడ వద్దు, కిందకి రండి. పార్కింగ్ లో నా బండి ఉంది, అదే థార్, ముందు రాడ్డు వేయించాను. గోనెసంచి పరిచే ఉంచా. తెల్ల చొక్కా వేసుకున్నవాళ్లు చివర్లో దూరండి.