కాలేయం బల్లి తోక కాదు

సభాధ్యక్షులకు, వైద్య విద్యార్థులకు నమస్కారం. జూలై 28, ప్రపంచ హెపటైటిస్ దినం నాడు మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ సందర్భాన్ని నా స్వార్థానికి వాడుకుని, పాథాలజీ తరగతిలో ఏళ్ల తరబడి నేనే చెప్పిన ఒక మాటను వెనక్కి తీసుకుంటాను.

కాలేయం బల్లి తోకలా మళ్లీ మొలుస్తుందని చెప్పేవాణ్ణి. అది మొలవదు. 1931లో హిగ్గిన్స్, ఆండర్సన్ అనే పరిశోధకులు ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు తొలగించిన ప్రయోగం నుంచి మనకు తెలిసినది ఏమిటంటే, వారం పది రోజుల్లో కాలేయం దాదాపు పూర్వపు బరువుకు చేరుతుంది గాని, కోసివేసిన లంబికలు, అంటే కాలేయపు పెద్ద భాగాలు, తిరిగి రావు. మిగిలిన లంబికలే పెద్దవవుతాయి. కాలేయ దాతలోనూ జరిగేది ఇదే. మీ నోట్సులో బల్లి తోక ఉంటే దయచేసి ఇప్పుడే కొట్టివేయండి.

మామూలు రోజుల్లో కాలేయ కణం విభజన జోలికి దాదాపుగా పోదు. కాలేయంలో కొంత భాగం పోగానే, అందులోని రక్షక కణాలైన కుఫర్ కణాలు విడుదల చేసే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రోటీన్లు ఆ కణాన్ని విభజనకు సన్నద్ధం చేస్తాయి. ఆపైన హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ వంటి పెరుగుదల ప్రోటీన్లు విభజనకు పురికొల్పుతాయి. ఎలుకలో ఒక రోజు గడిచేసరికి డీఎన్ఏ తయారీ పతాకస్థాయికి చేరుతుంది. అంత వేగంగా పెరిగేది, శరీరానికి చాలినంత అయ్యాక తనంతట ఆగిపోవడమే నన్ను ఇప్పటికీ ఎక్కువగా ఆశ్చర్యపరుస్తుంది.

అయితే కత్తి గాయం ఒక్కసారితో ముగుస్తుంది. మద్యం గాని, హెపటైటిస్ బి, సి వైరస్‌లు గాని చేసే గాయం రోజూ జరుగుతుంది. అప్పుడు కాలేయంలోని స్టెల్లేట్ కణాలు, మచ్చకు ముడిసరుకైన కొల్లాజెన్ పోగులను పేర్చుకుంటూ పోతాయి. ఇలా కాలేయమంతా మచ్చకట్టిన స్థితే సిర్రోసిస్. అందులో కనిపించే బుడిపెలు కణాలు పెరగడం మానినందువల్ల వచ్చినవని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి మచ్చ గోడల మధ్య చిక్కుకుని కూడా విభజన చెందుతున్న కణాల గుంపులు. వాటి చుట్టూ రక్తం సరిగా పారే దారి ఉండదు.

నా తమ్ముడు ఒకసారి వెనుక బెంచీలో కూర్చుని నా పాఠం విన్నాడు. ఆ తరువాత ఎప్పుడు మందలించినా, "మళ్లీ మొలుస్తుందని నువ్వే చెప్పావు కదా అన్నయ్యా" అంటూ నవ్వి గ్లాసు నింపుకునేవాడు. చివరికి అతని స్కాన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసింది నేనే. కాలేయం అంచు పొడవునా బుడిపెలే ఉన్నాయి.