చీరల కొట్టుకు ఫొటోగ్రాఫర్ చెప్పిన కిటుకు

అక్కలకు, అన్నలకు నమస్కారం. నల్లగొండలో చిన్న దుకాణాలు నడిపేవాళ్ల ముందు మాట్లాడమన్నారు. నేను చీరల మనిషిని, చీరల ముచ్చటతోనే మొదలుపెడతాను.

పుట్టపాక, పోచంపల్లి చీరలు వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో సగం చీరలు తిరిగొచ్చేవి. ఫొటోలో నేరేడు రంగు, పార్సిల్ విప్పితే వంకాయ రంగు. రానుపోను కొరియర్ ఖర్చు నా నెత్తినే. మా చీరలోళ్ల గ్రూపులో అడిగితే అందరిదీ ఒకటే మాట: "ఫోన్ మార్చన్నా." చివరికి మిర్యాలగూడలో పెండ్లి ఫొటోలు తీసే ఒక తమ్ముడికి ఫోన్ చేసిన. ఏడాదికి ఒకసారి కలిస్తే ఎక్కువ. "అన్నా, ట్యూబులైట్ బంద్ చెయ్. పొద్దున్నే ఎండ నేరుగా పడని కాడ, వాకిట్లో నీడపట్టున చీర పరువు. పక్కన తెల్ల కాగితం పెట్టు. ఫొటోలో కాగితం తెల్లగ కనబడితే చీర రంగు కూడా దగ్గర దగ్గరగా వచ్చినట్టే" అన్నాడు. పైసా ఖర్చు లేదు. చీరలు తిరిగి రావడం బాగా తగ్గింది.

మా చీరలోళ్లు నా మేలు కోరేవాళ్లే. కానీ నాకు తెలిసిందే వాళ్లకూ తెలుసు. అమెరికాలో గ్రానోవెటర్ అనే సామాజికశాస్త్రవేత్త 1973లో ఇదే సంగతి రాశాడు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను అడిగితే, తరచూ కలిసే మనిషి వల్ల దొరికింది నూటికి 17 మందికే. మిగిలినవాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కనబడే మనుషులే.

మన ఆలేరు పక్కన శారాజీపేట చింతకింది మల్లేశం గారినే చూడండి. చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పాలంటే, చెయ్యి దాదాపు 9 వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ భుజం నొప్పి ఈ హాల్లో ఎంతమంది అమ్మలకు తెలుసో! తల్లి బాధ చూడలేక ఆయన ఆసు పోసే యంత్రం చెయ్యడం మొదలుపెట్టాడు, మధ్యలో ఆగిపోయింది. 1999లో హైదరాబాద్ బాలానగర్‌లో పనికి పోయిన చోట వేరే యంత్రం కదలిక చూస్తే చిక్కుముడి విడిపోయింది. మగ్గం ఊళ్లో దొరకని జవాబు మగ్గంతో సంబంధం లేని చోట దొరికింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

వాట్సాప్ గ్రూపులో అడిగే తీరు కూడా ఉంటది. "గిరాకీ లేదు, ఏం చెయ్యాలె?" అంటే ఎవరూ పలకరు. "అరకిలో కారంపొడి ప్యాకెట్ అతుకు కాడ విప్పుకుంటోంది, ఏ కవరు వాడాలె?" అంటే అరగంటలో నలుగురు చెప్తారు. మీకు తెలిసిందాన్ని మీరూ చెప్పండి. ఎప్పుడూ అడిగేవాడికి రెండోసారి జవాబు రాదు. పొద్దున్నే పూల బొమ్మలు పంపడం తగ్గించండి, దయచేసి. వాటి కింద మంచి ప్రశ్నలు మునిగిపోతున్నయి.

పైసలకు సంబంధించిన ఫార్వర్డులను మాత్రం నమ్మొద్దు. జీఎస్టీ సంగతి లెక్కలు చూసే ఆయననే అడగండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు, అంటే చిన్న వ్యాపారాల నమోదుకు, ప్రభుత్వ పోర్టల్‌లో ఫీజే లేదు. ఎవరైనా డబ్బులు అడిగితే ఆగండి.

ఇప్పుడు చాయ్ వస్తది. చీరలోళ్లు చీరలోళ్ల పక్కనే కూర్చున్నరు, లేచి జర మారండి. మొదటి ప్రశ్న నాదే: వానకాలం పట్టుచీర పార్సిల్‌కు తేమ తగలకుండా ఎట్ల కట్టాలె? పచ్చళ్లు, పొడులు ఊళ్లకు పంపే అక్కలు ఎవరున్నరు ఇక్కడ?