పొద్దున్నే మా వంటింట్లో ఘంటసాల గారి భగవద్గీత

నమస్తే అండీ. ఇక్కడ అమెరికాలో, షికాగో దగ్గర నేపర్‌విల్‌లో పొద్దున ఆరుంపావు అయింది. ఇంకా తెల్లవారలేదు. రాత్రి పడిన మంచు కారు మీద జానెడు మందాన పేరుకుంది. అది తర్వాత చూద్దాం. ఇడ్లీ పొయ్యి మీద పెట్టేశాను, మావాడి డబ్బాలో పులిహోర సర్దుతున్నాను. వెనక వినిపిస్తున్నది ఘంటసాల గారి భగవద్గీత.

పోయిన వీడియోలో వెనక ఇదే వినపడి మా అత్తయ్య కంగారుగా ఫోన్ చేశారు. "ఎవరికైనా ఏమైనా అయిందా అమ్మా? పొద్దున్నే అది పెట్టావేంటి?" అని. ఆవిడ భయంలో తప్పేం లేదు. మన ఊళ్ళల్లో మైకులో "పార్థాయ ప్రతిబోధితాం" అని వినపడితే చాలు, జనం గుమ్మాల్లోకి వచ్చి ఎవరు పోయారని అడుగుతారు. వైకుంఠ రథం వెళ్తుంటే ఆ గొంతే ముందు వస్తుంది. సుప్రభాతం పెడితే ఎవరూ ఏమీ అనరు, ఈ గీత పెడితే మాత్రం ఆపెయ్యమంటారు.

మా ఇంట్లో మాత్రం ఇది పొద్దుటి పాట. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు. ఘంటసాల గారు పుట్టిన చౌటపల్లి కూడా గుడివాడ పక్కనే. అందుకని నాన్న ఆయన్ని "మనాయన" అనేవారు. గుడివాడలో కేసెట్ల షాపతనికి ఖాళీ కేసెట్టు ఇచ్చి గీత ఎక్కించుకున్నారు. దాని మీద నీలం పెన్నుతో "గీత" అని రాసుకున్నారు. వసారాలో స్తంభానికి అద్దం తగిలించి, టేప్ రికార్డర్ ఆన్ చేసి గడ్డం గీసుకునేవారు. శ్లోకం వస్తున్నంతసేపూ చెయ్యి ఆడేది. తెలుగులో అర్థం మొదలవగానే బ్లేడు చెంప మీదే ఆగిపోయేది. అర్థం అయ్యాక మళ్ళీ కదిలేది. అలా ఆయన గడ్డం పూర్తయ్యేసరికి నాకు బడి టైమ్ అయిపోయేది.

గీతలో 700 శ్లోకాలుంటే ఘంటసాల గారు అందులోంచి ఏరినవి నూరుకు పైగా పాడారు. ముందు రాగంలో శ్లోకం, తర్వాత తెలుగులో అర్థం. అర్థం చెప్పేటప్పుడు ఆయన పాడరు, మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు నిదానంగా చెబుతారు. నాకు ధైర్యం వచ్చేది ఆ మాటల దగ్గరే. చివరి రోజుల్లో చేసిన రికార్డింగ్ అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు, రికార్డు ఆ తర్వాతే బయటికొచ్చింది. తన గీత ఊరూరా మోగడం ఆయన వినలేదు. ఇది తలుచుకుంటే నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆరేళ్ళ కిందటి జనవరిలో నాన్న పోయారు. నాకప్పుడు తొమ్మిదో నెల. విమానం ఎక్కే ప్రశ్నే లేదు. చలికాలంలో మనకీ ఇండియాకీ పదకొండున్నర గంటల తేడా కదా, అక్కడ పొద్దున తొమ్మిదింటికి బయల్దేరదీస్తే ఇక్కడ ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. తమ్ముడు వీడియో కాల్ పెట్టాడు. వీధి మలుపు దాకా కనిపించింది, అక్కడ బొమ్మ బిగుసుకుపోయింది. ఎవరిదో భుజం, కొంచెం బంతిపూల దండ, అంతే. మాట మాత్రం వస్తూనే ఉంది. రథం మైకులో ఘంటసాల గారు "జాతస్య హి ధ్రువో మృత్యుః" అంటున్నారు. పుట్టినవాడికి చావు తప్పదు, తప్పించుకోలేని దాని గురించి ఏడవకు అని చెప్పే శ్లోకం అది. చిన్నప్పుడు వసారాలో విన్న గొంతే, అదే నిదానం. ఆ సోఫాలో కూర్చుని కాల్ కట్టయ్యే దాకా విన్నాను. ఆ రాత్రి నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది ఆ గొంతే.

బాబు పుట్టాక రాత్రి రెండింటికీ మూడింటికీ పాలిస్తూ సౌండ్ బాగా తగ్గించి అదే పెట్టుకునేదాన్ని. తర్వాత ఏ మాట వస్తుందో ముందే తెలుసు. ఆ మాట సరిగ్గా అక్కడే వస్తుంది. ఇంట్లో అన్నీ తారుమారైపోయిన ఆ రోజుల్లో మారకుండా ఉన్నది అదొక్కటే.

అత్తయ్యకి కూడా ఇదే చెప్పాను. కృష్ణుడు గీత చెప్పింది పోయినవాళ్ళకి కాదు కదా అత్తయ్యా, చేతులు వణికి గాండీవం జారిపోయి రథంలో కూలబడిపోయిన బతికున్న మనిషికి చెప్పాడు, లేచి నిలబడమని. మరి పొద్దున్నే మనం లేచి నిలబడొద్దా? ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. "సరేలే, సౌండ్ తగ్గించుకో" అన్నారు.

పోయిన నెల తమ్ముడికి అటక మీద ఆ కేసెట్టు దొరికింది. ఎవరినో అడిగి టేప్ రికార్డర్ బాగు చేయించి, ఫోన్లో రికార్డ్ చేసి వాట్సాప్‌లో పంపాడు. అందులో ఒక చోటుంది. "కర్మణ్యేవాధికారస్తే" శ్లోకం అయిపోయి అర్థం మొదలవ్వాల్సిన చోట అర్థం ఉండదు. నాన్న పొరపాటున రికార్డింగ్ బటన్ నొక్కేశారు. టక్‌మని శబ్దం, ఎక్కడో కాకి, తర్వాత నాన్న గొంతు.

"బుజ్జీ, మోటారు కట్టేశావా?"

దూరం నుంచి నేను, "ఆ, కట్టేశా నాన్నా."

మళ్ళీ టక్‌మని, అర్థంలో చివరి ముక్క. ఆ శ్లోకానికి పూర్తి అర్థం నేను మొదటిసారి విన్నది ఈ దేశం వచ్చాకే. నెట్‌లో దొరికే దాంట్లో ఏ లోపమూ లేదు. అయినా అక్కడికి వచ్చేసరికి నా చెవి ఆ ప్రశ్న కోసం చూస్తుంది. అందుకే ఇప్పుడు రోజూ తమ్ముడు పంపిందే పెడుతున్నాను. గరగర ఉంది, ఉండనీ.

మావాడు తాతయ్యని చూడలేదు. నిన్న సాక్స్ వేసుకుంటూ వింటున్నాడు. "మోటారు కట్టేశావా" అని రాగానే, తల కూడా ఎత్తకుండా, "కట్టేశా తాతయ్యా" అన్నాడు. నేను పొయ్యి దగ్గర అలాగే నిలబడిపోయాను. ఇంతలో వీధి చివర స్కూల్ బస్సు లైట్లు కనిపించాయి. బూట్లు తొడిగి, డబ్బా చేతికిచ్చి, మంచులో జారకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.