చుక్క పొడవని గెలాక్సీలు: పిండి ఉంది, ఇడ్లీ లేదు

[తెర మీద: ఏమీ లేని నల్లటి ఆకాశం. నెమ్మదిగా దాని మీద ఒక నీలం మరక తేలుతుంది.]

"నక్షత్రాలే లేని గెలాక్సీ దొరికింది" అని వార్త వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వింటుంటాను. ఒకటి, అది బ్లాక్ హోల్ లాంటిదేదో అని. అది పూర్తిగా తప్పు, దానికీ దీనికీ సంబంధమే లేదు. రెండోది, "అదృశ్య గెలాక్సీ" అనే మాట. నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది ఇదే. నిజంగా అదృశ్యమైతే మనకు దొరికేదే కాదు కదా. అది రేడియో టెలిస్కోపుకు చక్కగా దొరుకుతోంది. కనిపెట్టడం కష్టమే, కానీ దానికంటే పెద్ద కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. దొరికినదాన్ని గెలాక్సీ అనొచ్చా, లేదా? ఇవాళ నేను చెప్పాలనుకున్నది దీని గురించే.

ముందు మా అమ్మమ్మగారి వంటింట్లోకి రండి.

వేసవి సెలవులు. రాత్రి కరెంటు పోయింది. మంచినీళ్ల కోసం తడుముకుంటూ వంటింట్లోకి వెళ్తే చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. కానీ గుమ్మం దాటగానే పులిసిన పిండి వాసన గుప్పున తగులుతుంది. గిన్నె ఏ మూల ఉందో ముక్కే చెప్పేస్తుంది. ఇంకా ఒక్క ఇడ్లీ కూడా తయారవలేదు. అయినా అక్కడ పిండి ఉందని తెలిసిపోయింది.

ఈ వంటింటిని వీడియో అయ్యేదాకా గుర్తుపెట్టుకోండి. పిండి అంటే హైడ్రోజన్ వాయువు. ఇడ్లీలు అంటే నక్షత్రాలు. మామూలు టెలిస్కోపు ఇడ్లీలను మాత్రమే చూడగలదు. రేడియో టెలిస్కోపు పిండి వాసన పట్టగలదు.

[తెర మీద: ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్, రెండింటికీ బాణం గుర్తులు.]

ఆ వాసన ఎక్కడిది? హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. రెండింటికీ స్పిన్ అనే గుణం ఉంటుంది. రెండు స్పిన్‌లూ ఒకే దిక్కున ఉన్నప్పుడు పరమాణువులో శక్తి రవ్వంత ఎక్కువ. ఎప్పుడో ఒకప్పుడు ఎలక్ట్రాన్ తిరగబడుతుంది. ఆ రవ్వంత శక్తి రేడియో తరంగంగా బయటికొస్తుంది. దాని పొడవు 21 సెంటీమీటర్లు, ఫ్రీక్వెన్సీ 1420 మెగాహెర్ట్జ్. మన ఎఫ్ఎం స్టేషన్లు ఉండే 100 మెగాహెర్ట్జ్‌కు ఇది పద్నాలుగు రెట్లు, అంతే తేడా.

ఇక్కడ ఒక సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఒక్క పరమాణువు ఇలా తిరగబడాలంటే సగటున 1 కోటి 10 లక్షల సంవత్సరాలు పడుతుంది. మరి మనకు సిగ్నల్ ఎలా అందుతోంది? సూర్యుడంత బరువున్న హైడ్రోజన్‌లో పరమాణువుల సంఖ్య రాయాలంటే 1 పక్కన 57 సున్నాలు పెట్టాలి. అన్ని ఉన్నప్పుడు ప్రతి క్షణం లెక్కలేనన్ని తిరగబడుతూనే ఉంటాయి. వాసన ఆగదు.

ఈ 21 సెంటీమీటర్ల సంగతి 1944లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో వాన్ డి హుల్స్ట్ అనే యువకుడు కాగితం మీద లెక్కగట్టి చెప్పాడు. దాన్ని మొదట పట్టింది 1951 మార్చి 25న, హార్వర్డ్‌లో, ఇవెన్, పర్సెల్ అనే ఇద్దరు. వాళ్ల యాంటెనా ఏమిటో తెలుసా? ప్లైవుడ్‌తో చేసి లోపల రాగి రేకు తొడిగిన పెద్ద గరాటు. దాన్ని ల్యాబ్ కిటికీలోంచి ఆకాశం వైపు పెట్టారు. వానొస్తే గరాటులోంచి నీళ్లు నేరుగా ల్యాబ్‌లోకి! చలికాలంలో అటుగా పోయే విద్యార్థులు అందులోకి మంచు ఉండలు విసిరేవాళ్లట. మన పాలపుంతలోని హైడ్రోజన్ మనిషికి మొదటిసారి తగిలింది ఆ గరాటులోనే. నాకు ఆ ఫోటో ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

[తెర మీద: గ్రాఫ్. రెండు కొమ్ములున్న గీత.]

సరే, వాసన వచ్చింది. అందులోంచి ఇంకా ఏం తెలుస్తుంది? చాలా తెలుస్తుంది. వాయువు మన నుంచి దూరంగా పోతుంటే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. సెకనుకు 3,000 కిలోమీటర్ల వేగంతో పోతుంటే 1420 కాస్తా 1406 దగ్గర వినిపిస్తుంది. విశ్వం వ్యాకోచిస్తోంది కాబట్టి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర వినిపించిందో చూస్తే అది ఎంత దూరంలో ఉందో అంచనా కట్టొచ్చు.

ఇంకోటి. వాయువు గుండ్రంగా తిరుగుతోందనుకోండి. ఒక పక్క మన వైపు వస్తుంది, రెండో పక్క అవతలికి పోతుంది. అప్పుడు సిగ్నల్ ఒకే చోట కాకుండా అటూ ఇటూ సాగుతుంది, చాలాసార్లు రెండు కొమ్ములు లేస్తాయి. ఆ కొమ్ముల మధ్య ఎడం చూసి తిరిగే వేగం చెప్పొచ్చు. ఇప్పుడు గిన్నె విషయానికి వద్దాం. అంత వేగంగా తిరిగే వాయువు చెల్లాచెదురు కాకుండా నిలవాలంటే ఏదో పట్టి ఉంచాలి. వాయువు సొంత గురుత్వాకర్షణ అందుకు చాలదు. పట్టి ఉంచేది డార్క్ మ్యాటర్, అంటే కాంతినివ్వకుండా, గురుత్వాకర్షణతో మాత్రమే తన ఉనికి తెలిపే పదార్థం. అదే మన గిన్నె. మనం గిన్నెను ఎప్పుడూ చూడలేదు, పిండి తిరిగే తీరు చూసి గిన్నె ఎంత పెద్దదో చెబుతున్నాం.

కాబట్టి గెలాక్సీ అనాలంటే పిండి దొరికితే సరిపోదు. సొంత గిన్నెలో ఉన్న పిండి కావాలి. ఎందుకంటే పిండి ఇంకో రకంగా కూడా దొరుకుతుంది: పక్కింటి గిన్నెలోంచి నేల మీద ఒలికింది!

సరిగ్గా ఇదే గొడవ 2005లో జరిగింది. మనకు 5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో కన్య రాశి వైపు వర్గో అనే పెద్ద గెలాక్సీల గుంపు ఉంది. అందులో ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ టెలిస్కోపుకు ఒక హైడ్రోజన్ మేఘం తగిలింది. పేరు వర్గోహెచ్ఐ21. అక్కడ నక్షత్రాల జాడ లేదు. వాయువు బరువు సుమారు 10 కోట్ల సూర్యులంత. సిగ్నల్ ఎంత వెడల్పుగా సాగిందంటే, అది నిజంగా తిరుగుతుంటే కనుక దాని గిన్నె మామూలు పెద్ద గెలాక్సీ గిన్నెకు తీసిపోదు. దాన్ని పరిశీలించిన రాబర్ట్ మిన్చిన్ బృందం ఇది చీకటి గెలాక్సీ, అంటే సొంత గిన్నె, పిండి ఉండి నక్షత్రాలు లేని గెలాక్సీ అని ప్రకటించింది. ప్రపంచమంతా పతాక శీర్షికలు.

కానీ పక్కనే ఎన్‌జీసీ 4254 అనే గెలాక్సీ ఉంది. ఎమ్99 అన్నా అదే. దాని ఫోటో చూడండి.

[తెర మీద: ఎమ్99. ఒక చెయ్యి మిగతావాటికంటే బయటికి లాగినట్టు ఉంటుంది.]

గెలాక్సీలో సుడిలా తిరిగే పాయలను చేతులంటారు. ఈ ఒక్క చెయ్యి చూశారా, ఎవరో పట్టి గుంజినట్టు? 2007లో ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుతో హేన్స్, జియోవానెల్లి, కెంట్ ఆ ప్రాంతమంతా గాలించారు. ఎమ్99 నుంచి మొదలై సుమారు 8 లక్షల కాంతి సంవత్సరాల పొడవున ఒక హైడ్రోజన్ తోక బయటపడింది. వర్గోహెచ్ఐ21 ఆ తోకలో కాస్త చిక్కగా ఉన్న ఒక ముద్ద! మరో గెలాక్సీ ఏదో వేగంగా పక్కనుంచి దూసుకుపోతే ఇలాంటి తోక సాగుతుందని, తిరుగుతున్నట్టు కనపడే ఆ వేగాల తేడా కూడా వస్తుందని తర్వాత కంప్యూటర్ లెక్కల్లో చూపించారు. మిన్చిన్ బృందం వెంటనే ఒప్పుకోలేదు, వాళ్ల వాదన వాళ్లకుంది. నేను మాత్రం ఒలికిన పిండి అనే వైపే ఉన్నాను. ఆ చెయ్యి చూశాక ఇంకోలా అనుకోవడం నా వల్ల కాదు.

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగే విషయం ఒకటి. దొరికిందన్న వార్త ఊరంతా తెలిసింది. తోక వార్త ఎవరికీ చేరలేదు. ఇప్పటికీ కొన్ని వీడియోల్లో వర్గోహెచ్ఐ21ని ఎలాంటి అనుమానమూ లేకుండా చీకటి గెలాక్సీగా చూపిస్తున్నారు.

అందుకే ఇప్పుడు పక్కన ఇళ్లు లేని చోట దొరికిన పిండికి విలువ ఎక్కువ. 2024 జనవరిలో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు వాళ్లు అలాంటిదే ఒకటి ప్రకటించారు. జే0613+52. అది వెతికి పట్టింది కాదు. ఆ 100 మీటర్ల టెలిస్కోపు పొరపాటున తప్పు కోఆర్డినేట్ల వైపు తిరిగింది, అక్కడ ఇది ఉంది! దూరం సుమారు 27 కోట్ల కాంతి సంవత్సరాలు. వాయువు 200 కోట్ల సూర్యులంత, చక్కగా తిరుగుతోంది. దగ్గర్లో ఒలకబోసే పొరుగువాళ్లెవరూ లేరు. ఇప్పటిదాకా ఉన్న ఫోటోల్లో మాత్రం నక్షత్రాలు లేవు.

అంత పిండి ఉండి ఇడ్లీ ఎందుకు కాలేదు? పిండి జారైపోతే ఇడ్లీ నిలబడదు కదా, అదే కారణం అంటున్నారు. వాయువు ఒక చోట చిక్కబడి చల్లబడితేనే నక్షత్రం పుడుతుంది. ఇది మరీ పల్చగా పరుచుకుని ఉంది. పక్కన ఎవరైనా ఉంటే కనీసం ఒకసారి కుదిపి చిక్కబరిచేవాళ్లు. ఎవరూ లేరు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: ఇంకా లోతైన ఫోటోలు తీస్తే మసక నక్షత్రాలు కొన్ని బయటపడొచ్చు.

టైమ్ అయిపోతోంది, చివరిది త్వరగా చెప్పేస్తాను. పిండి జారవడానికి ఇంకో కారణం వేడి. విశ్వం చిన్నవయసులో ఉన్నప్పుడు మొదటి నక్షత్రాల అతినీలలోహిత కాంతి వాయువునంతా వేడెక్కించింది. బాగా చిన్న గిన్నెల్లోంచి వాయువు ఆవిరిలా లేచిపోయింది. పెద్ద గిన్నెలు అదిమి పట్టుకుని నక్షత్రాలు చేసుకున్నాయి. మధ్య సైజు గిన్నెలు కొన్ని వాయువును పట్టుకున్నాయి కానీ నక్షత్రాలు చేసుకోలేకపోయాయి. ఇలాంటివి ఉండాలని సిద్ధాంతం ఎప్పటినుంచో చెబుతోంది.

ఒకటి దొరికినట్టే ఉంది. చైనాలోని 500 మీటర్ల ఫాస్ట్ టెలిస్కోపు ఎమ్94 అనే గెలాక్సీ పక్కన దాన్ని పట్టింది. పేరు క్లౌడ్-9. దూరం 1 కోటి 40 లక్షల కాంతి సంవత్సరాలు, అంటే చాలా దగ్గర. వాయువు 10 లక్షల సూర్యులంత, దాన్ని పట్టి ఉంచిన డార్క్ మ్యాటర్ సుమారు 500 కోట్ల సూర్యులంత. గిన్నె గంగాళమంత, పిండి గరిటెడు! హబుల్ టెలిస్కోపుతో దాని మీదే గురిపెట్టి చూశారు. అంత దగ్గర్లో నక్షత్రాలు ఉంటే హబుల్‌కు విడివిడిగా దొరకాలి. ఏమీ దొరకలేదు. 2026 జనవరిలో ఆ ఫలితం ప్రకటించారు.

[తెర మీద: క్లౌడ్-9 రేడియో చిత్రం.]

ఈ మేఘం దాదాపు గుండ్రం. కానీ అంచు చూడండి, కొంచెం వంకర పోయినట్టుంది. ఎమ్94 పక్కనే ఉంది కాబట్టి అది లాగుతూ ఉండొచ్చు. ఆ వంకర ఎంతో కొలవాలంటే ఇంకా చాలా గంటలు రేడియోతో వినాలి. కొలిచాక మళ్లీ వస్తాను.