మైలు దూరంలో మందుల షాపు

శ్రోతలకు నమస్కారం. మన ఊళ్ళలో ఏ సెంటరుకు వెళ్ళినా మెడికల్ షాపులు పక్కపక్కనే కనబడతాయి కనుక, బీపీ మాత్రల కోసం బస్సెక్కవలసి వస్తుందంటే మనకు వింతగానే ఉంటుంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో, నల్లజాతివారూ, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలూ ఎక్కువగా ఉండే రాక్స్‌బరీ పేటలో, వారెన్ వీధిలోని వాల్‌గ్రీన్స్ మందుల షాపు 2024 జనవరి ఆఖరున మూతపడింది. మందుల చీటీలన్నీ కంప్యూటరులో మైలు దూరంలోని మరో షాపుకు బదిలీ అయిపోయాయి. మోకాళ్ళ నొప్పులతో, చేతికర్రతో మంచులో నడిచే ముసలమ్మకు ఆ మైలు ఎంత పొడవో కంప్యూటరుకు తెలియదు.

దగ్గరలో మందుల షాపు లేని ఇలాంటి పేటలను అక్కడ ‘ఫార్మసీ ఎడారులు’ అంటారు. అమెరికాలోని 30 పెద్ద నగరాలను పరిశీలించి పరిశోధకురాలు డీమా కాటో బృందం 2021లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దాదాపు మూడో వంతు పేటలు ఈ కోవలోకే వస్తాయి. నల్లజాతివారు, లాటినోలు ఎక్కువగా ఉన్నచోట మందుల షాపులు తక్కువ. ఏది ఎడారో తేల్చిన కొలతలో ఒక న్యాయం ఉంది: షాపు ఎంత దూరముంటే ఎడారి అన్నదానికి మామూలు పేటకు మైలు హద్దు పెట్టినవారు, ఆదాయమూ కార్లూ తక్కువైన పేటకు అర మైలే పెట్టారు.

గిట్టుబాటు కాక మూసేశామని సంస్థలు చెబుతాయి, అది అబద్ధం కాకపోవచ్చు. అయితే ఆ గిట్టుబాటు లెక్క ఎవరు వేశారన్నదే అసలు ప్రశ్న. అక్కడ రోగి కౌంటరు దగ్గర కట్టేది కొంతే. మిగతాది బీమా నుంచి రావాలి. ఆ చెల్లింపు ఎంతో నిర్ణయించేది, బీమా సంస్థలకూ షాపులకూ మధ్య నిలిచిన దళారీ కంపెనీలు. మూడంటే మూడు కంపెనీలు దేశంలోని మందుల చీటీల్లో సింహభాగాన్ని నడుపుతున్నాయి. పేదలకు ప్రభుత్వమిచ్చే మెడికెయిడ్ బీమా మీద షాపుకు మిగిలేది స్వల్పం కనుక, ఆ బీమాదారులు ఎక్కువగా ఉన్న పేటలోని షాపే ముందుగా చితికిపోతుంది. పైగా దళారీలు తమకు నచ్చిన షాపులను ఒక జాబితాగా కట్టి, అక్కడ కొంటే రోగికి ఖర్చు తగ్గేలా చేస్తారు; జాబితాలో చోటు దక్కని చిన్న షాపుకు బేరం పోతుంది. బోస్టన్ ప్రతినిధి అయానా ప్రెస్లీ ఈ మూతలను జాతి, ఆర్థిక వివక్షగానే అమెరికా పార్లమెంటైన కాంగ్రెసు సభలో ఎత్తిచూపారు.

మందులు పోస్టులో తెప్పించుకోవచ్చు కదా అంటారు. నెలనెలా వాడే మాత్రలకు అది సరే. రాత్రి బిడ్డకు జ్వరమొస్తే, డాక్టరు రాసిన యాంటీబయాటిక్ ఎల్లుండి వస్తే ఏం లాభం? చల్లగా ఉంచవలసిన ఇన్సులిన్ పెట్టె, తాళం లేని వాకిట్లో సాయంత్రం దాకా పడి ఉంటే?