జిగురు అతుకు ముందుగా ఎక్కడ తెగుతుంది?

నమస్కారం. అనంతపురంలోని మా వర్క్‌షాపు నుంచి మాట్లాడుతున్నాను. బల్ల మీద ఉన్నవి రెండు అల్యూమినియం పట్టీలు. వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 1.6. కొసలను 12.5 మిల్లీమీటర్ల మేర ఒకదాని మీద ఒకటి ఉంచి ఎపాక్సీ అనే జిగురుతో అతికించాను. దీన్ని లాప్ జాయింట్ అంటారు.

మంచి ఎపాక్సీ అతుకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల దాకా తట్టుకుంటుంది. అతికిన వైశాల్యంతో గుణిస్తే సుమారు 6,250 న్యూటన్లు. అంటే ఆరు వందల కిలోలకు పైగా బరువు వేలాడదీయవచ్చు. మరి అతుకు పొడవును 25 మిల్లీమీటర్లు చేస్తే బలం రెట్టింపవుతుందా? కాదు. పెరుగుతుంది కానీ, అంత పెరగదు.

బాబూ, కెమెరాను ఇటు అంచు మీదికి తీసుకురా. ఆ, అక్కడే. లాగినప్పుడు పై పట్టీ అతుకులోకి వచ్చే ఈ చోట మొత్తం బలాన్ని మోస్తూ సాగి ఉంటుంది. సరిగ్గా దాని కింద రెండో పట్టీ కొస ఉంది. దాని మీద ఇంకా బలం పడలేదు కాబట్టి అది సాగలేదు. సాగినదానికీ సాగనిదానికీ మధ్య నలిగేది జిగురే. అవతలి అంచులోనూ ఇదే కథ. నడుమ మాత్రం రెండు పట్టీలూ దాదాపు సమానంగా సాగుతాయి, అక్కడి జిగురుకు పెద్ద పని ఉండదు. పొడవు పెంచితే పెరిగేది ఆ తీరిక భాగమే! 1938లో ఫోల్కెర్సెన్ అనే పరిశోధకుడు ఈ లెక్క వేసింది నిజానికి రివెట్ల కోసం, అంటే రేకులను కలిపి బిగించే లోహపు మేకుల కోసం. వరుసలో చివరి రివెట్ల మీదే ఎక్కువ భారం పడుతుందని చూపాడు. జిగురుకూ అదే సూత్రం సరిపోయింది.

ఇంకో చిక్కుంది. రెండు పట్టీలు ఒకే గీతలో లేవు కదా, లాగగానే అతుకు వంగుతుంది, అంచులు పైకి లేస్తాయి. 1944లో గోలాండ్, రైస్నర్ అనే పరిశోధకులు లెక్కగట్టింది దీన్నే. గోడ మీది పోస్టరును పక్కకు జరపలేం, మూల పట్టి లేపితే ఊడి వస్తుంది. జిగురు బలహీనత అదే. అందుకే వీలైతే పొడవు కాదు, వెడల్పు పెంచండి. పట్టీ కొసలను ఏటవాలుగా అరగదీయండి. అంచు వెంట పొంగిన జిగురును అందం కోసం గీకేయకండి, అది అక్కడి భారాన్ని కొంత తగ్గిస్తుంది.

రామగిరి కొండల మీద గాలిమరలను చూసే ఉంటారు. అలాంటి పెద్ద రెక్కలను సాధారణంగా రెండు ఫైబర్‌గ్లాస్ పెంకులను జిగురుతో కలిపి తయారుచేస్తారు. జిగురంటే చిన్నచూపు ఉన్నవారు ఒకసారి తలెత్తి చూడాలి.

అతికించే ముందు ఎమరీ పేపరుతో రుద్ది, అసిటోనుతో తుడవండి. తర్వాత నీళ్లు చల్లండి. పలుచని పొరలా పరుచుకుంటే లోహం శుభ్రమైనట్టు. బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉంది.

తెగిన ముక్కలను పారేయకండి. రెండు వైపులా జిగురు మిగిలితే తెగింది జిగురే. ఒక వైపు లోహం తళతళలాడుతుంటే, తప్పు ఎక్కువగా శుభ్రం చేయడంలోనే ఉంటుంది.

చివరిగా మన ఎండ సంగతి. గది వేడిమిలో గట్టిపడే ఎపాక్సీల్లో చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. మే నెల మధ్యాహ్నం ఇక్కడి రేకు ఆ వేడిని సులువుగా దాటుతుంది. ఆరుబయట వాడే అతుకైతే, ఎండలో బాగా కాలనిచ్చి, వేడిగా ఉన్నప్పుడే లాగి పరీక్షించండి.