టోక్యో ఎండలో గొడుగు పట్టిన మగవాళ్లు

అందరికీ నమస్కారం. టోక్యోలో మన భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ స్టేషన్ బయట నిలబడి ఈ వీడియో తీస్తున్నాను. ఉదయం ఎనిమిది కూడా కాలేదు, ఆగస్టు ఉక్కకు చొక్కా అప్పుడే వీపుకు అంటుకుపోయింది. ముఖాలు కనిపించకుండా దూరం నుంచి చూపిస్తున్నాను. ఆఫీసులకు వెళ్తున్న ఆ యువకుల్లో ఇద్దరు గొడుగులు వేసుకున్నారు, ఆకాశంలో మాత్రం మబ్బు తునక లేదు.

ఎండ గొడుగును ఇక్కడ చాలాకాలం ఆడవాళ్ల వస్తువుగానే చూశారు. 2018 జూలైలో, టోక్యోకు పొరుగునే ఉన్న సైతామా ప్రిఫెక్చర్‌లోని కుమగాయాలో ఉష్ణోగ్రత 41.1 డిగ్రీలకు చేరింది. మరుసటి ఏడాది ఫాదర్స్ డేకి నాన్నలకు ఎండ గొడుగు బహుమతిగా ఇవ్వండని పర్యావరణ మంత్రిత్వ శాఖే ప్రచారం చేసింది.

మా టీమ్‌లో ఇరవై ఎనిమిదేళ్ల సహోద్యోగి ఒకరున్నారు. గొడుగు తెచ్చుకుంటారు, తన బెంతో (ఆఫీసుకు తెచ్చుకునే భోజనం డబ్బా) తానే వండుకుంటారు, ఆఫీసు తర్వాత మందు పార్టీకి పిలిస్తే మర్యాదగా తప్పుకుంటారు. కారణం అడిగితే, తన చిన్నతనంలో నాన్న ఆదివారం తప్ప మెలకువగా కనిపించేవారు కాదని, తనకు అలాంటి జీవితం వద్దని చెప్పారు.

ఇలాంటి వారికి 2006లో మాకి ఫుకసావా అనే రచయిత్రి 'సోషోకు దాన్షి' అని పేరు పెట్టారు. పదానికి పదం చెప్పుకుంటే గడ్డి మేసే మగవాళ్లు అని అర్థం. భోజనంతో దీనికి సంబంధం లేదు (మా సహోద్యోగి యాకినికు, అంటే నిప్పుల మీద కాల్చుకు తినే మాంసం ముందు కూర్చుంటే ఏమీ మిగలదు). ఆడవాళ్ల వెంట పడని సాధుస్వభావమని ఆమె ఉద్దేశం. ఆమె దాన్ని తిట్టుగా వాడలేదు. 2009 నాటికి ఆ మాట దేశమంతా మారుమోగిపోయి, పెళ్లిళ్లు తగ్గినా పిల్లలు పుట్టకపోయినా నింద ఈ కుర్రాళ్ల మీదకే వచ్చి పడింది.

ఆ నింద నాకు అన్యాయంగా తోస్తుంది. మనం 'ఉద్యోగం పురుష లక్షణం' అన్నట్టే, ఇక్కడ సంపాదించే మగవాడిని 'దైకోకుబషిరా' అంటారు. పాత ఇళ్లలో కప్పు బరువు మోసే లావాటి నడిమి స్తంభం అది. ఆ స్తంభం నిలబడింది ఒకే కంపెనీలో జీవితకాల ఉద్యోగం, ఏటా పెరిగే జీతం అనే పునాది మీద. 1990ల మొదట్లో స్థిరాస్తి, షేర్ల ధరల బుడగ పేలాక కంపెనీలు కొత్తవారిని తీసుకోవడం తగ్గించి కాంట్రాక్టు కొలువులు పెంచాయి. యాభై ఏళ్లు వచ్చినా పెళ్లే కాని మగవాళ్లు 1980లో నూటికి ముగ్గురు కూడా లేరు. 2020కి సుమారు ఇరవై ఎనిమిది మంది అయ్యారు. పునాది తీసేసినవారే స్తంభం వంగిందని కోప్పడితే ఎలా?

అలాగని అందరూ సంసారాన్ని వద్దనుకోవడం లేదు. పిల్లలు పుట్టినప్పుడు సెలవు తీసుకునే తండ్రులు 2012లో నూటికి ఇద్దరు కూడా ఉండేవారు కాదు, 2023లో ముప్పై మంది తీసుకున్నారు. వాటిలో కొన్ని రెండు వారాలైనా దాటని సెలవులే అనుకోండి.

నిన్న నేనూ ఒక ఎండ గొడుగు కొని, సంకోచిస్తూనే వీడియో కాల్‌లో అమ్మకు చూపించాను. ఆవిడ నవ్వలేదు. "మీ తాతయ్య గొడుగు లేకుండా ఏనాడు పొలం వెళ్లారురా? నల్లది దొరకలేదా?" అని అడిగింది.